కర్మ అని ఎవరు అనొచ్చు?

చావు జరిగిన ఇంట్లో రెండు ప్రశ్నలు తిరుగుతుంటాయి. ఒకటి పోలీసులది: ఎవరు చేశారు, ఎప్పుడు, దేంతో? రెండోది ఇంటివాళ్ళది: మాకే ఎందుకిట్లా జరిగింది? మొదటిదానికి స్టేషన్లో ఫైలు తెరుస్తారు, నంబరు వేస్తారు. రెండోదాన్ని ఎవరూ రాసుకోరు. గోడకు చేరగిలబడిన తల్లి "ఏ జన్మలో ఏ పాపం చేసుకున్నానో నాయనా" అంటుంది. చుట్టూ కూర్చున్నవాళ్ళు "రాత అమ్మా, రాత" అంటారు. అక్కడితో ఆ ప్రశ్న మూతపడుతుంది. నా ఉద్యోగమంతా ఈ రెండు ప్రశ్నల మధ్య, గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడటంతోనే గడిచింది. చీరాల, వేటపాలెం, కారంచేడు, పర్చూరు, ఇంకొల్లు, చినగంజాం నా బీటు. క్రైమ్ రిపోర్టరుకు వేదాంతంతో ఏం పని అని మా డెస్క్‌లో ఎగతాళి చేసేవాళ్ళు. నిజానికి రాజకీయ విలేకరికి వేదాంతం అక్కర్లేదు, సినిమా విలేకరికి అసలే అక్కర్లేదు. రోజూ శవం మొహం చూసి వచ్చి, రాత్రి ఏడింటికల్లా దానికో కారణం రాసి పంపాల్సినవాడికి కావాలి.

మాది వాడరేవు. మా నాన్న ఒడ్డున చేపల వేలం దగ్గర లెక్కలు రాసేవాడు. వేసవి సెలవుల్లో, కార్తీకమాసంలో, ఆదివారాల్లో గుంటూరు నుంచీ నరసరావుపేట నుంచీ చిలకలూరిపేట నుంచీ జనం స్నానాలకు దిగుతారు. అలల కింద ఇసుకలో గుంటలు పడతాయి, తిరుగు నీరు కాళ్ళ కింద నుంచి లోపలికి లాగుతుంది. పల్లెవాళ్ళకు అవి ఏ పూట ఎక్కడుంటాయో తెలుసు. మెట్ట ఊళ్ళ నుంచి వచ్చిన ఇంటర్ పిల్లలకు తెలియదు. ఇక్కడి నుంచి వెళ్ళే వార్తకు అప్పటికే ఒక అచ్చు తయారుగా ఉండేది: "విహారయాత్ర విషాదాంతం". లేదంటే "ప్రాణం తీసిన సరదా". ఈ రెండో శీర్షిక మీద నాకు చాలాకాలం కోపం. సరదా ప్రాణం తీయదు. తీసింది నీళ్ళు. తిరుగు నీరు ఎట్లా ఉంటుందో ఆ పిల్లలకు ఎవరూ చెప్పకపోవడం కూడా కొంత తీసి ఉండొచ్చు. కానీ "సరదా" అని రాసిన క్షణంలో చదివేవాడి గుండె కుదుటపడుతుంది. మనవాడు సరదాలకు పోడు కాబట్టి మనవాడికేం కాదు. చావు ఇంట్లో "రాత" అనే మాట చేసే పనినే పత్రికలో "సరదా" అనే మాట చేస్తోంది. ఒకటి పంచాంగం భాష, ఇంకొకటి పత్రిక భాష, అంతే తేడా.

కంట్రిబ్యూటరుగా మొదలుపెట్టినవాళ్ళకు అచ్చయిన వార్త కొలతను బట్టి డబ్బులొచ్చేవి. కారణం ఉన్న చావుకు చోటు ఎక్కువ, కారణం తెలియని చావుకు తక్కువ. "అనుమానాస్పద మృతి" అయితే నాలుగు లైన్లు. అక్రమ సంబంధం, ఆస్తి తగాదా, ప్రేమ వ్యవహారం, వీటిలో ఏదో ఒకటి చెప్పగలిగితే బాక్సు కట్టి వేస్తారు. శవ పంచనామాలో పంచాయతీదారుల అభిప్రాయం రాయించుకునే చోటు ఒకటుంటుంది. నేరప్రక్రియా స్మృతిలో 174వ సెక్షన్ ఉన్నప్పుడూ ఉంది, 2024 జులై నుంచి కొత్త చట్టంలో అదే 194 అయ్యాకా ఉంది. ఊరి పెద్దమనుషులు నలుగురు శవం చుట్టూ నిలబడి, మృతికి కారణం ఏమై ఉంటుందని తాము అనుకుంటున్నారో చెప్పి సంతకాలు పెడతారు. చట్టం అడిగేది గాయాలేమిటి, పైకి కనపడే కారణం ఏమిటి అని మాత్రమే. చెప్పేవాళ్ళు మాత్రం అంతటితో ఆగరు. మనిషి చనిపోగానే ఊరికి అతని జీవితం మొత్తం అర్థమైపోతుంది.

పత్తి దెబ్బతిన్న సంవత్సరాల్లో మా జిల్లాల కాగితాల్లో తరచు కనపడిన మాట "కడుపునొప్పి భరించలేక". రైతు పొలంలో చనిపోయి ఉంటాడు. అప్పు మిర్చి మీదా పత్తి మీదా ఉంటుంది, పురుగుమందుల కొట్లో ఖాతా ఉంటుంది, కౌలు కాగితం మాత్రం ఉండదు. నివేదికలో కడుపునొప్పి. పి. సాయినాథ్ అనంతపురం జిల్లా గురించి రాసినప్పుడు ఇదే కడుపునొప్పి అక్కడి పోలీసు రికార్డుల్లో ఎంతగా పేరుకుపోయిందో బయటపెట్టారు. 2004లో 421వ నంబరు జీవో వచ్చాక కారణానికి ధర కూడా వచ్చింది: అప్పట్లో కుటుంబానికి లక్షన్నర. ఆ డబ్బు రావాలంటే చావుకు అప్పే కారణమని అధికారుల కమిటీ నమ్మాలి. భర్త పోయిన మనిషి తాసిల్దారు ఆఫీసు బయట కూర్చుని, తన మొగుడు కడుపునొప్పితో పోలేదని రుజువు చేయాలి. కారణం అనేది పండితులు వాదించుకునే సంగతి కాదని నాకు ఆ మెట్ల మీద తెలిసింది. ఎవరు కారణం రాస్తారో, డబ్బూ పరువూ జైలూ వాళ్ళ చేతిలో ఉంటాయి.

మా పక్కనే ఉన్న వేటపాలెం ఇట్లాంటి ఆలోచనలకు మంచి చోటు. 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పత్రికల గుట్టలున్నాయి. ఆఫ్ డ్యూటీ రోజుల్లో నేను అక్కడ కూర్చుని పాత హత్యలు చదివేవాణ్ణి. నాకన్నా ముందు తరాలవాళ్ళు చావులకు ఏ కారణాలు రాశారో చూడటం ఒక పిచ్చి. ఒకప్పుడు కలికాలం, తరవాత తాగుడు, ఆ తరవాత సినిమాలు, మా కాలానికి సెల్‌ఫోను. కారణాలు కూడా ఫ్యాషన్ ప్రకారం మారతాయి. బూదరాజు రాధాకృష్ణ గారిదీ వేటపాలెమే. 1932లో అక్కడ పుట్టి, చీరాల కాలేజీలో పాఠాలు చెప్పి, తెలుగు అకాడమీలో పనిచేసి, చివరికి ఈనాడు జర్నలిజం స్కూలు ప్రిన్సిపాలై తెలుగు విలేకరుల తరాలను దిద్దిన మనిషి. నేను ఆయన దగ్గర చదవలేదు. ఆయన దగ్గర చదివినవాళ్ళ కింద పనిచేశాను. నా కాపీ మీద వాళ్ళు పెట్టిన ఎర్రగీతలు ఆయన గీతలేనని అనుకుంటుంటాను. ఏ విశేషణమైనా గీత పడేది, పక్కన "నీకెట్లా తెలుసు?" అని ఉండేది. నాకు తెలిసిన తత్వశాస్త్రంలో సగం ఆ రెండు మాటలే.

మిగతా సగం అణిమాండవ్యుడిది.

నన్నయ గారి ఆదిపర్వంలో వస్తుంది ఈ కథ. మాండవ్యుడు మౌనవ్రతంలో ఉన్న తపస్వి. దొంగలు రాజుగారి సొమ్ము కాజేసి పారిపోతూ అతని ఆశ్రమంలో దాక్కున్నారు. భటులొచ్చి, దొంగలు ఎటు పోయారని అడిగారు. ఆయన మాట్లాడడు. వెతికితే సొమ్ము అక్కడే దొరికింది. క్రైమ్ రిపోర్టరు కళ్ళతో చూడండి: రికవరీ ఉంది, నిందితుడు విచారణకు సహకరించడం లేదు, కేసు గట్టిది. రాజు కొరత వేయించాడు. మాండవ్యుడు చావలేదు. కొరత మీద ఉండే తపస్సు చేసుకుంటున్నాడు. రాజుకు సంగతి తెలిసి పరిగెత్తుకొచ్చి కాళ్ళ మీద పడ్డాడు, దింపించాడు. శూలం ఊడి రాలేదు. బయటికున్నంత మేర నరికారు, మొన లోపలే ఉండిపోయింది. ఆ మొనే, అంటే అణి, ఆయన పేరైంది.

ఆ తరవాత ఆయన చేసిన పనే నాకు ముఖ్యం. రాజును ఏమీ అనలేదు. నేరుగా యమధర్మరాజు దగ్గరికి పోయి అడిగాడు: నేనేం చేశానని నాకీ శిక్ష? అంటే చావు ఇంట్లో తల్లి అడిగే రెండో ప్రశ్న. తేడా ఏమిటంటే, ఈయన జవాబు చెప్పాల్సినవాడినే నిలబెట్టి అడిగాడు. యముడి దగ్గర లెక్క సిద్ధంగా ఉంది. చిన్నప్పుడు నువ్వు పురుగుల్ని పట్టి పుల్లలు గుచ్చావు, అందుకే నీకు శూలం. వినడానికి ఎంత చక్కగా అతికిందో చూడండి. గుచ్చినవాడికి గుచ్చుడు. మా డెస్క్‌లో ఇట్లాంటి కాపీ వస్తే మొదటి పేజీలో వేస్తారు. మా ఊళ్ళో తూనీగ తోకకు దారం కట్టని పిల్లవాడు లేడు, ఆ లెక్కన వాడరేవు ఒడ్డంతా కొరతలు పాతాలి.

మాండవ్యుడు ఆ జవాబును ఒప్పుకోలేదు. నేను పురుగుల్ని గుచ్చలేదనీ అనలేదు. వాస్తవాన్ని కాదనకుండా, ఆ వాస్తవానికీ ఈ శిక్షకూ వేసిన ముడిని కాదన్నాడు. తెలియని వయసులో చేసినదానికి ఇంత దండనా? పధ్నాలుగేళ్ళ లోపు చేసినది ఇక మీదట పాపం కింద జమకాకూడదు అని కట్టడి చేశాడు. యముణ్ణి మనిషై, శూద్ర స్త్రీ కడుపున పుట్టమని శపించాడు. ఆ శాపంలో కులానికి వేసిన వెల నాకు మింగుడు పడదు, దాన్ని దాచిపెట్టి ఈ కథను మెచ్చుకోలేను. అయినా, కర్మసిద్ధాంతం పుట్టిన ఇంట్లోనే, ఆ సిద్ధాంతం నడిపే అధికారిని బోనెక్కించి శిక్ష వేసిన కథ ఒకటి ఉందని మా అమ్మమ్మలు మాకు చెప్పలేదు. యముడి లెక్క మాత్రం చెప్పారు.

శపించబడ్డ యముడు విదురుడై పుట్టాడు. జీవితమంతా ఏం చేశాడు? ధృతరాష్ట్రుడి పక్కన కూర్చుని, జరుగుతున్నదానికి అసలు కారణం నువ్వూ నీ కొడుకూ అని చెప్తూ వచ్చాడు. ఒకప్పుడు చెల్లని కారణం చెప్పి పదవి పోగొట్టుకున్నవాడు, ఈసారి సరైన కారణం చెప్తూ ఎవరూ వినకుండా బతికాడు. వ్యాసుడు ఇది కావాలనే అల్లాడని నేను అనుకుంటాను.

ఈ కథ నాకు పుస్తకంలో కాదు, బీటులో అర్థమైంది. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. మాదిగవాడ చీరాలకు నడిచొచ్చింది, శిబిరం వేసుకుంది, మళ్ళీ ఆ ఊరికి పోలేదు. నేనప్పటికి కాలేజీ కుర్రాణ్ణి. ఆ రోజుల నుంచీ ఇప్పటిదాకా ఎవరిని అడిగినా కథ ఒక చోటే మొదలవుతుంది: మంచినీళ్ళ చెరువు దగ్గర గేదెను కడిగారు, కుడితి నీళ్ళు పడుతున్నాయని ఒకతను అభ్యంతరం చెప్పాడు, ఒక దళిత స్త్రీ బిందె ఎత్తింది. ఇవన్నీ జరిగినవే. ఇదీ పురుగుకు పుల్ల గుచ్చిన వాస్తవం లాంటిదే. బిందె ఎత్తడానికీ ఆరు శవాలకూ మధ్య ముడి వేస్తే, కథ చెప్తున్నవాడు తెలియకుండానే యముడి కుర్చీలో కూర్చున్నట్టు. కాలవ నీళ్ళూ పొగాకూ పత్తీ తెచ్చిన డబ్బు ఎవరి చేతికి వచ్చింది, కూలి అడిగే నోరు ఎవరికి కొత్తగా వచ్చింది, ఓటు ఎటు తిరిగింది అన్న సంగతులు చెప్పాలంటే కథ పొడుగవుతుంది, బాక్సులో పట్టదు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివాళ్ళు దళిత మహాసభ పెట్టి ఊరూరా చెప్పుకుంటూ పోయింది ఆ పొడుగు కథనే. సుప్రీంకోర్టు చివరి తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. 23 ఏళ్ళు పట్టింది.

కారంచేడు జరిగిన ఆరేళ్ళకు, 1991 ఆగస్టు 6న చుండూరు. ఎనిమిది మంది. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. ఇక్కడ కూడా చిన్న వాస్తవం ఒకటుంది: సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు ముందు సీట్లో వాడికి తగిలింది. అడిగిన ప్రతివాడూ కాలు దగ్గరే మొదలుపెడతాడు. ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. కాగితం మీద చూస్తే ఎనిమిది మంది చచ్చారు, చంపినవాళ్ళు లేరు. ఇట్లాంటి చోట "కర్మ" అనే మాట ఎంత సులువుగా వచ్చి ఖాళీ నింపుతుందో నేను చెవులారా విన్నాను. అన్నది చనిపోయినవాళ్ళ తాలూకు మనుషులు కాదు. టీ కొట్టు దగ్గర నిలబడ్డ వేరేవాళ్ళు.

చీరాలలో నాకు పాతికేళ్ళ స్నేహం ఉన్న ఒక పాస్టరుగారు ఉన్నారు. ఆయన సంఘంలో కారంచేడు నుంచి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. ఒకసారి ఆయన్ని, మీ దగ్గర కర్మ లేదు గదా, మీరేం చెప్తారండీ అని అడిగాను. ఆయన నవ్వి, "లేకపోవడమేంది, చావు కూటానికి రా, యోబు స్నేహితులంతా అక్కడే కూర్చుని ఉంటారు" అన్నారు. బైబిల్లో యోబుకు సర్వం పోయినప్పుడు స్నేహితులు వచ్చి, మొదట ఏడు రోజులు నేల మీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. అదే వాళ్ళు చేసిన మంచి పని. నోరు విప్పాక మాత్రం, నువ్వేదో చేసి ఉంటావు అనే మొదలుపెట్టారు. పుస్తకం చివర దేవుడు కోప్పడింది తిట్టుకున్న యోబును కాదు, తనను వెనకేసుకొచ్చిన ఆ స్నేహితుల్ని. పాస్టరుగారే నాకు లూకా సువార్త పదమూడో అధ్యాయం చూపించారు. అది అచ్చం క్రైమ్ వార్తలా మొదలవుతుంది. పిలాతు గలిలయవాళ్ళను బలిపీఠం దగ్గర చంపించాడని జనం వచ్చి యేసుకు చెప్తారు. ఆయన సిలోయములో గోపురం కూలి చచ్చిన పద్దెనిమిది మంది సంగతి ఎత్తి, వాళ్ళు మిగతావాళ్ళకన్నా పాపులనుకుంటున్నారా, కాదు అంటాడు. వెంటనే వేలు విన్నవాళ్ళ వైపు తిప్పుతాడు: మీ సంగతి మీరు చూసుకోండి. యోహాను తొమ్మిదిలో పుట్టుగుడ్డి విషయంలోనూ, వీడు చేసిన పాపమా, కన్నవాళ్ళదా అంటే రెండూ కాదంటాడు. ఆ తరవాత, దేవుని క్రియలు వీడిలో కనపడటానికి అని ఇంకో కారణం చెప్తాడే, అది నాకు మింగుడు పడదని పాస్టరుగారితో అన్నాను. "నాకూ కొంచెం కష్టమే" అని ఆయన ఒప్పుకున్నారు. మా స్నేహం అందుకే నిలిచింది.

బుద్ధుడి మాట తెలియడానికి నాకు చాలాకాలం పట్టింది. భట్టిప్రోలు, అమరావతి మా జిల్లాల్లోనివే, చినగంజాంలో కూడా స్తూపం బయటపడింది. ఉప్పుమళ్ళ కేసుల కోసం ఆ దారిన ఎన్నిసార్లో పోయానుగానీ, ఆ స్తూపాల దగ్గర పూజలందుకున్నవాడు నా ప్రశ్నకే జవాబు చెప్పి ఉంటాడని తట్టలేదు. సంయుక్త నికాయంలో శివకుడనే పరివ్రాజకుడు అడుగుతాడు: మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లేనని కొందరంటున్నారు, నిజమేనా? బుద్ధుడు ఎనిమిది కారణాలు లెక్కపెడతాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, అవి మూడూ కలవడం, రుతువులు మారడం, జాగ్రత్త లేకపోవడం, ఇతరులు దాడి చేయడం, చివరికి కర్మఫలం. దాడి వేరు, కర్మ వేరు. ఒకడు కత్తితో పొడిస్తే అది పొడవడమే. దాన్ని తీసుకుపోయి ఎనిమిదో గడిలో వేసేవాళ్ళు తమకు తెలిసినదాన్నీ లోకం ఒప్పుకున్నదాన్నీ దాటి మాట్లాడుతున్నారని ఆయన అభిప్రాయం. ఎఫ్ఐఆర్ రాసేవాళ్ళకు ఇంతకన్నా మంచి మార్గదర్శకం నాకు తెలియదు.

మంచి మనసుతో బాధకూ పాపానికీ ముడి వేసినా తప్పేనా? సారస్వత నికేతనంలో గాంధీగారి చేతికర్ర భద్రంగా ఉంది, చూసినప్పుడల్లా నాకు 1934 గుర్తొస్తుంది. జనవరిలో బీహారు భూకంపం వేలమందిని పొట్టన పెట్టుకుంది. అది అంటరానితనమనే పాపానికి శిక్ష అని గాంధీ అన్నారు. అస్పృశ్యత పోవాలనే ఆయన తపనను నేను శంకించను. టాగూరు మాత్రం, ప్రకృతి కోపానికీ మనుషుల నీతికీ ముడిపెట్టడం సరికాదని బహిరంగంగా రాశారు, గాంధీ దాన్ని తన హరిజన్ పత్రికలో వేసి జవాబూ రాశారు. నేను టాగూరు పక్షం. ఇళ్ళు కూలి చచ్చినవాళ్ళలో అంటరానివాళ్ళు ఉండరా? వాళ్ళు ఎవరి పాపానికి చచ్చారు? 1977 తుపానుకూ 2004 సునామీకీ మా తీరాన శవాల్ని లాగినవాళ్ళు ఎవరూ అందులో నీతి వెతకలేదు. వెతికినవాళ్ళు ఒడ్డుకు దూరంగా ఉన్నవాళ్ళు.

గాంధీగారు తన్నూ తనవాళ్ళనూ పాపుల లెక్కలో కలుపుకున్నారు కదా, అదైనా ఒప్పుకోవా అంటారు. ఇక్కడే నేను చెప్పదలుచుకున్నది ఉంది. వాడరేవు ఒడ్డున కొడుకు శవం పక్కన కూర్చుని "నేనే ఏదో పాపం చేసుకున్నా" అన్న తల్లి మాట నేను కాదనను. అది ఆమె ఆసరా. ఏ కారణమూ లేకుండా సముద్రం లాక్కుపోయిందంటే పట్టుకోడానికి ఏమీ మిగలదు. తన తప్పనుకుంటే కనీసం తిరుపతికో వేళంగణికో మొక్కుకోడానికి దారి ఉంటుంది. కాబట్టి కర్మ అనే మాట బాధపడుతున్న మనిషి తన నోటితో తన గురించి అనుకోవచ్చు. ఇంకొకరు, ఎంత ప్రేమతోనైనా, ఆమె గురించి అనకూడదు. విలేకరి అసలే రాయకూడదు. యముడి తప్పు లెక్క తప్పడం ఒక్కటే కాదు, అవతలివాడి శూలానికి లెక్క తను చెప్పడం.

ఇంత చక్కగా చెప్పుకున్నాక, నిందితులు నా సూత్రాన్ని పాడుచేశారు. లాకప్ బయట మాట్లాడిస్తే హత్య చేసినవాడు కూడా తన నోటితో తన గురించి "ఖర్మ కాలి చేశానండీ, ఆ ఘడియ అట్లాంటిది" అంటాడు. అదే మాట, అదే వినయం. కానీ బాధపడినవాడి నోట్లో ఆసరా అయినది, చేసినవాడి నోట్లో దొడ్డిదారి. ధృతరాష్ట్రుడు ఎప్పుడూ విధి బలీయం అనే అనేవాడు. అతనికి యుద్ధవార్త చెప్పిన సంజయుడు ఊరుకోలేదు. విధిని అనకు, ఇది నువ్వు చేసుకున్నది, ఇప్పుడు విను, అని చెప్పి మరీ శవాల లెక్క చెప్పాడు. మనకు తెలిసిన మొదటి విలేకరి, యజమానికి ఆ మాట చెప్పి కూడా ఉద్యోగం నిలబెట్టుకున్నాడు. అందుకు నాకు అసూయ.

అయితే చేసినవాడికి కారణాలు వెతకొద్దా? 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర దోపిడీ కోసం ఎక్కిన ఇద్దరు కుర్రాళ్ళు బస్సులో పెట్రోలు పోశారు. 23 మంది కాలిపోయారు. ఇద్దరికీ ఉరిశిక్ష పడింది, సుప్రీంకోర్టు దాకా ఖాయమైంది, 1997లో ఆఖరి క్షణంలో ఆగింది, చివరికి రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ యావజ్జీవంగా మార్చారు. వాళ్ళు పేద దళిత కుర్రాళ్ళనీ, చంపాలని ఎక్కలేదనీ హక్కులవాళ్ళు గట్టిగా చెప్పారు. ఉరి వద్దన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. కానీ ఆ వాదన వింటూ, ఆ బస్సులో కూతుర్ని పోగొట్టుకున్న తండ్రి ముఖం చూశాను. పేదరికం అనే కారణం వాళ్ళ నేరం వైపు ఎంత దూరం నడుస్తుంది? నడిచినంత దూరం రాయాలి, ఆగినచోట ఆపాలి. చేసినవాడి వెనక ఉన్న కారణాలు శిక్షను తగ్గించవచ్చు, "చేశాను" అనే మాటను తీసేయలేవు. ఇంతకు మించి తేల్చి చెప్పమంటే నా వల్ల కాదు. రావిశాస్త్రి గారయితే కథ రాసి చూపించేవారు. ఆయన కోర్టు కథల్లో నేరం చేసినవాళ్ళ మీద జాలి ఉంటుంది, వాళ్ళను బొమ్మల్ని చేయడం ఉండదు.

రిటైరయ్యాక నేను కథనం మీద పాఠాలు చెప్తున్నాను. వచ్చేవాళ్ళు ఇప్పుడు పత్రికలకు కాదు, పాడ్‌కాస్టులకూ వెబ్ సిరీసులకూ రాద్దామని వస్తున్నారు. వాళ్ళు కొమ్మూరి సాంబశివరావు పేరు వినలేదు, డిటెక్టివ్ యుగంధర్ తెలియదు. కానీ వాళ్ళకు కావలసింది అదే: చివర్లో అన్నీ అతకాలి. డిటెక్టివ్ నవలలో అతకడం ధర్మం, అక్కడ చచ్చినవాడు కాగితం మనిషి. నిజం చావు మీద అదే జిగురు పూస్తే పాపం. "కారణం లేకుండా కథ ఎట్లా నడుస్తుంది సార్?" అని అడుగుతారు. నేను వాళ్ళచేత ఒక పని చేయిస్తాను. ఒక పాత క్రైమ్ వార్త ఇచ్చి, అందులో రాసినవాడికి తెలిసిన కారణాలు ఒక రంగు, ఊహించినవి ఒక రంగు, చదివేవాడి ధైర్యం కోసం వేసినవి ఒక రంగు గీయమంటాను. మూడో రంగు అయిపోతుంది, ఇంకో పెన్ను అడుగుతారు.

ఈ మధ్య ఈపూరుపాలెం నుంచి వచ్చే ఒక అమ్మాయి నన్ను ఇరుకున పెట్టింది. "సార్, చచ్చినవాళ్ళకు కర్మ అని రాయొద్దన్నారు. బతికినవాళ్ళకు దేవుడి దయ అని రాయొచ్చా?" నలుగురు మునిగి ఒకడు బతికితే "మృత్యుంజయుడు" అని శీర్షిక పెడతాం. దేవుడు వాణ్ణి కాపాడాడంటే మిగతా ముగ్గుర్ని ఏం చేసినట్టు? నేను ఇన్నేళ్ళలో ఆ వైపు నుంచి ఆలోచించలేదు. ఆ అమ్మాయి అంతటితో ఆగలేదు. అట్లాంటి పాత వార్తలు నాలుగు తెచ్చి చూపించింది. అన్నిటిలోనూ "స్థానిక మత్స్యకారులు కాపాడారు" అనే ఉంది. ఒక్కదాంట్లోనూ పేరు లేదు. పోలీసు అధికారి పేరుంది, పరామర్శించిన నాయకుడి పేరుంది.

తరవాతి వారం ఆ అమ్మాయి వాడరేవు పల్లెకు వెళ్ళి, ఒక కుర్రాణ్ణి లాగి ఒడ్డున పడేసిన మనిషిని పట్టుకుంది. ఆయన వల బాగుచేసుకుంటూ, "పేరెందుకులేమ్మా. గంగమ్మ తల్లే తెచ్చి ఇచ్చింది, నేను జుట్టు పట్టుకున్నా, అంతే" అన్నాడట. క్లాసులో గంటసేపు వాదన జరిగింది. ఆయన చేసిన పని ఆయనది కాదంటున్నాడు, మనం ఆయనదని రాయొచ్చా? ఇది ధృతరాష్ట్రుడి విధిలాంటిది కాదు, చెడు చేసి తప్పుకోవడం కాదు, మంచి చేసి తప్పుకోవడం. ఒక అబ్బాయి పేరు వేయాల్సిందే అన్నాడు. ఇంకొకడు ఆయన మాటే వేయాలన్నాడు. ఆ అమ్మాయి రెండూ వేసింది: ముందు వాక్యంలో ఆయన పేరు, ఆయన చేసిన పని, తరవాతి వాక్యంలో గంగమ్మ గురించి ఆయన అన్న మాట, ఆయన నోటితోనే. వేసేముందు మళ్ళీ పల్లెకు పోయి చదివి వినిపించింది. ఆయన పేరుకు అభ్యంతరం చెప్పలేదు. జుట్టు పట్టుకున్నది కుడిచేత్తో కాదు, ఎడమచేత్తో, అది దిద్దమన్నాడు.